కుంపటి మీద బ్యాటరీ

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన పందొమ్మిదో రోజున నా చెల్లె కుడిచెయ్యి కాలింది. ఆ రోజు కరెంటు ఎన్ని గంటలకు వచ్చిందో, కోరుట్ల నుంచి జగిత్యాల చేరడానికి మాకు ఎంతసేపు పట్టిందో నా నోటుబుక్కులో ఉంది. రాయకుండా వదిలేసిన సంగతి ఒక్కటే. ఆ బ్యాటరీని కుంపటి మీద పెట్టమన్నది నేను.

ముప్పై ఏళ్లు కోరుట్లలో ఒక బీడీల సెంటరులో లెక్క చూశాను. ఆడవాళ్లు ఇంట్లో చుట్టి తెచ్చిన కట్టలు విప్పి, కట్టకు ఇరవై ఐదు ఉన్నాయో లేదో ఎంచి, వదులుగా ఉన్నవీ మెత్తబడ్డవీ విరిచి పక్కన పడేయడం నా పని. చెల్లె మా సెంటరుకే చుట్టేది, రోజుకు వెయ్యి. ఆమె బీడీల్లో నేను విరిచినవి నెల మొత్తం మీద పది దాటేవి కావు.

ఆమె భర్త, అంటే నా మరిది, సిరిసిల్లలో మరమగ్గం నడిపినవాడు. తర్వాత పదకొండేళ్లు దుబాయిలో ఉండి, విడవని దగ్గుతో తిరిగొచ్చాడు. డాక్టరు బీడీ మానమన్నాడు. పొద్దంతా బీడీలు చుట్టే ఇంట్లో కూర్చొని బీడీ మానాలి. దుబాయిలో అతనితో ఒకే గదిలో ఉన్నవాడొకడు సెలవుకు వచ్చి, ఒక కరెంటు సిగరెట్టు ఇచ్చిపోయాడు. చిన్న టార్చిలైటంత గొట్టం, లోపల వేలెడంత బ్యాటరీ. మీట నొక్కి పీలిస్తే ఆవిరి వచ్చేది, ఇల్లంతా మామిడిపండు వాసన.

"దగ్గు పోతదని ఇల్లంత పొగ వెట్టిండు" అనేది చెల్లె.

"నీ బీడీకి గిరాకి పోతదని కుళ్ళుకుంటున్నవు" అనేవాడు అతను.

బ్యాటరీలు రెండుండేవి. ఒకటి గొట్టంలో, ఇంకొకటి అంగీ జేబులో. బీడీకట్ట పెట్టుకున్న జేబే అది, ఇంటి తాళంచెవి కూడా అందులోనే. ఒకరోజు సంతలో ఉండగా జేబు వేడెక్కి, బట్ట మాడింది. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే సాయిబుకు చూపించాడు. ఆ సాయిబు తల్లి కూడా మా సెంటరుకే చుట్టేది. బ్యాటరీ పైనున్న ప్లాస్టిక్ పొర చినిగిందని, తాళంచెవి తగిలి అందుకే వేడెక్కిందని ఆయన చెప్పాడు. ఇనుము, చిల్లర ఉన్నచోట ఉత్త బ్యాటరీ పెట్టొద్దన్నాడు. ప్లాస్టిక్ డబ్బీలో విడిగా పెట్టుకోమన్నాడు. పొర చినిగినదాన్ని ఇక వాడొద్దన్నాడు.

మరిది డబ్బీ మాత్రం కొనలేదు. చినిగినచోట మా బీడీకట్టల మీద వేసే లేబులు ఒకటి గంజితో అంటించాడు. నేను చూశాను. వంకర లేకుండా అంటించాడు కాబట్టి ఏమీ అనలేదు.

సమ్మెకు బొగ్గు ఆగి కరెంటు సరిగ్గా ఉండేది కాదు. ఆ రోజు పన్నెండింటికి వచ్చి రెండింటికి పోతుందన్నారు. మరిది పొద్దున్నే, సమ్మెవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి చేసే వంటావార్పుకు పోయి, వానలో నిలువునా తడిసి, పదకొండున్నరకు వచ్చాడు. అంగీ విప్పి, జేబులోని బ్యాటరీ చెల్లె చేతికిచ్చి, చార్జింగు పెట్టాలి, కరెంటు వచ్చేలోపు ఆరబెట్టమని చెప్పి స్నానానికి పోయాడు.

సెంటరు మూసి ఉండడంతో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ముసురుకు మెత్తబడ్డ బీడీలను కుంపటి మీద రేకు పెట్టి ఆరబెడుతున్నాం. వానాకాలం బీడీలు చుట్టే ప్రతి ఇంట్లోనూ అదే చేస్తారు.

"అక్కా, గిది ఎట్ల ఆరుతది?" అని అడిగింది చెల్లె.

"బీడీలు ఎట్ల ఆరుతయో గట్లనే. రేకు మీద ఓ పక్కకు పెట్టు."

రేకు మీద అరచెయ్యి ఆనించి సెగ కూడా చూశాను, ఎక్కువేం లేదనిపించింది. ఏడు నిమిషాలైంది. లేబులు గోధుమరంగుకు తిరిగింది. సన్నగా బుస్సుమన్న చప్పుడు, ముక్కు మండించే తియ్యటి వాసన. పక్కనున్న బీడీలు పాడవుతాయని చెల్లె దాన్ని వేళ్లతో అవతలికి తోయబోయింది. అప్పుడే పేలింది. మంట ఆమె అరచేతిలోకే కొట్టింది.

నేను చేసిన రెండో తప్పు, కాలిన చేతికి పళ్లపేస్టు పూయడం.

బస్సులు లేవు. వీధి చివరి ఆటోవాలా మమ్మల్ని ఎక్కించుకొని జగిత్యాల రోడ్డు పట్టాడు. మూడుచోట్ల రోడ్డుకు అడ్డంగా రాళ్లున్నాయి. మూడోచోట పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. చెల్లె చెయ్యి చూసి, ఉడుకుతున్న గిన్నె దింపి, రాళ్లు తీసి దారి ఇచ్చారు. గంటా యాభై నిమిషాలు పట్టింది. మామూలుగా అయితే నలభై నిమిషాల దారి.

దవాఖానలో ముందు ఆ పేస్టు కడిగారు. చల్లటి నీళ్లు పోసి తీసుకొస్తే చాలుగదా అన్నాడు డాక్టరు. ఎట్లా కాలిందని అడిగితే చెల్లె నా మొహం చూడకుండా చెప్పింది. "నేనే కుంపటి మీద పెట్టిన సారూ. తెల్వక పెట్టిన."

మరిది పక్కనే ఉన్నాడు. నేనూ ఉన్నాను. నోటుబుక్కు తీసి దవాఖాన చేరిన టైము రాసుకున్నాను.

చూపుడువేలు సగానికి తీసేశారు. బొటనవేలు ఉంది కానీ వంగదు.

తర్వాత నేనే సాయిబు దుకాణానికి పోయాను. అట్లాంటి బ్యాటరీ తడిస్తే ఎండలో కానీ సెగకు కానీ పెట్టకూడదని ఆయన చెప్పాడు. పైకి ఆరినట్టున్నా లోపల చెడుతుందట. ఇంటి బయట, కాలే వస్తువేదీ దగ్గర లేనిచోట పెట్టి, మళ్లీ ముట్టొద్దన్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"జేబెందుకు కాలిందని అడిగిండు, చెప్పిన. బీడీ లెక్క కుంపటి మీద పెడ్తరని నాకేమెరుకమ్మా?"

నాలుగు నెలలకు చెల్లె సెంటరుకు వచ్చింది. ఇంకా బీడీలు ఇవ్వకుండా ఉంటే బీడీ కార్మికురాలి కార్డు తీసేస్తారు. కార్డు పోతే పీఎఫ్ ఉండదు. వారం రోజులు చుట్టిన నాలుగు కట్టలు నా ముందు పెట్టింది. చూపుడువేలుతో ఒత్తి మడవాల్సిన కొనలు నడిమివేలుతో మడిచింది. విప్పగానే తంబాకు రాలింది. వరుసలో వెనక పదిమంది ఆడవాళ్లు చూస్తున్నారు. నేను కట్టలు మళ్లీ కట్టబోయాను.

"విరువక్కా" అంది మెల్లగా. "వేరేటోళ్లయి అయితే విరుస్తవు గద."

విరిచాను. వందలో అరవై ఒకటి. ఆమె పేరు ఎదుట ముప్పై తొమ్మిది రాశాను. రాలిన తంబాకును ఆమె ఎడమచేత్తో ఊడ్చి నా బల్ల శుభ్రం చేసి పోయింది.

మళ్లీ రాలేదు. రెండో నెల ఆఖరున కార్డు రద్దు చేసే కాగితం వచ్చింది. కింద లెక్క చూసినవాళ్ల సంతకం ఉండాలి. తేదీ వేసి, సంతకం పెట్టాను.