ఎవరూ ముట్టుకోని కుక్కపిల్ల

తడిసిన గోనెసంచి వాసన తగిలితే నాకు ఇప్పటికీ చిరాకే. చిన్నప్పుడు కంచరపాలెంలో మా పెరట్లో, రాజు అనే కుక్కపిల్లను నాన్న అలాంటి సంచి మీదే కట్టేసేవాడు.

"ఎవులూ ముట్టుకోకండి. మనుసులకి అలవాటైతే కాపలా కాయదు," అనేవాడు.

దాని తోడబుట్టిన పిల్ల వీధి చివర టీకొట్టు దగ్గర పెరిగింది. ఆటోవాళ్లు, బడిపిల్లలు దాన్ని ఎత్తుకుని తిరిగేవారు. ఎవరొచ్చినా అది తోకాడించేది. మా రాజు మాత్రం రైలు కూతకు వణికేది, నా స్నేహితురాళ్లు గుమ్మంలోకొస్తే మీదికి ఉరికేది. వాళ్లు మా ఇంటికి రావడమే మానేశారు.

"అమ్మా, మనకి సెడ్డ పిల్లనిచ్చీసేరు. టీకొట్టు దాన్తో మార్చీమని సెప్పవా?" అని ఏడ్చాను.

"రెండూ ఒక్క కడుపున పుట్టినవేనే. దాన్ని ముట్టుకోనీమంటే మీ నాన్న నా మాట ఇంటాడేటి?" అంది అమ్మ విసుగ్గా.

చివరికి రాజు అన్నం పెట్టే నాన్న చేతినే కరిచింది. ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చి, "దీని పుట్టుకే అంత," అన్నాడాయన.

పుట్టుక కాదు, పసితనంలో దానికి ఒక్క చెయ్యీ ప్రేమగా తగల్లేదని ఇప్పుడు నాకు తెలుసు. ఆ మాట ఎప్పుడెత్తినా, "కుక్కల గురించి నాకే సెప్తన్నావేటి?" అని నాన్న టీవీ సౌండు పెంచుతాడు.