సాయన్న గొంతూ, సంచీ

సిరిసిల్ల సాయన్నకు మెల్లగా మాట్లాడటం రాదు. ఆయన వయసంతా సాంచాల నడుమనే గడిచింది. ఆ మరమగ్గాల మోతను మించి అరిస్తే తప్ప పక్కవాడికి మాట చేరని ఆ పనిలో పెరిగిన గొంతు, ఇంటికి వచ్చాక కూడా దిగేది కాదు. ఎవరైనా చెవులు మూసుకుంటే ఆయన సమాధానం ఒక్కటే: "సాంచాల చప్పుడుల ఇనవడాలె గద." సాంచాలు లేని పెళ్ళి పందిట్లోనూ అదే సమాధానం.

ఈ గొంతుతో కాపురం చేయడం భార్య పోశవ్వకు అలవాటైపోయింది. కానీ మూత్రం అడ్డుపడే జబ్బుకు, జగిత్యాలలో బిడ్డ వందన ఇంటి దగ్గరి ఆసుపత్రిలో లేజరు ఆపరేషన్ చేయించుకొని, గొట్టంతో, సంచితో ఆయన ఇల్లు చేరినప్పుడు మాత్రం ఆమెకు దడ పట్టుకుంది. జబ్బుకు కాదు, పలకరించడానికి కోరుట్ల నుంచి అన్న జలపతి వస్తున్నందుకు. దుబాయిలో ఫోర్‌మన్‌గా చేసి వచ్చిన జలపతి, దగ్గడానికి కూడా పక్కకు వెళ్ళేంత మర్యాదస్తుడు. ఈ మధ్య ఎవరింటికి పోయినా మంచినీళ్ళు సైతం ముట్టడం లేదు. అదీ మర్యాదలో భాగమేనని పోశవ్వ నమ్మకం. అటువంటి అన్న ముందు తన పరువు పోకూడదు.

"మా అన్న ముంగట నోరు తెరువకయ్యా. కడుపుల రాయి తీసిండ్రని నేను చెప్త."

"రాయేంది? ప్రోస్టేటు పెరిగింది, లేజరుతోటి తీసిండ్రు."

"జర మెల్లగ."

"మెల్లగనే అంటున్న."

ఎదురింటి మొగిలవ్వ కిటికీ తెరిచింది. "ఇప్పుడు మంచిగున్నదా సాయన్నా?"

జలపతి వచ్చి కూర్చున్నాడు. "కడుపుల రా..." అని పోశవ్వ అందుకుందో లేదో, సాయన్న గొంతు లేచింది.

"రాయి కాదు బావా, ప్రోస్టేటు. ఉచ్చ ఆగి ఆగి వస్తుండె. ఇగో, గొట్టం ముట్టెముందు సబ్బుతోటి చేతులు కడుగాలె. నీళ్ళు మస్తుగ తాగాలె. మొదట్ల జర ఎర్రగ వస్తది, బుగులు వడొద్దు."

న్యాయంగా చెప్పాలంటే, ఆ వివరాల్లో ఒక్కటీ తప్పు లేదు. అన్నీ డాక్టరు చెప్పినవే. ఇంతమంది వింటారని మాత్రం డాక్టరు ఊహించి ఉండడు.

జలపతి ఆ దృశ్యాన్ని కప్పిపెట్టే ఉద్దేశంతో, మంచం పట్టెకు వేలాడుతున్న సంచిని తువాలలో చుట్టి పరుపు మీదికి ఎత్తబోయాడు.

"దించు బావా! మానేరు నీళ్ళు గుట్టెక్కుతయా? సంచి కడుపుకన్న కిందనే ఉండాలె."

వీధిలో పోతున్న ఆటో ఆగి, మళ్ళీ కదిలింది. పోశవ్వ వంటింట్లోకి తప్పుకుంది.

చాయ్‌తో తిరిగి వచ్చి గుమ్మంలోనే నిలిచిపోయింది. లోపల ఎవరో గుసగుసలాడుతున్నారు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె వినని స్వరం. అది సాయన్నదే.

"మనుమని పుట్టెంటికలనాడు నువ్వు పొద్దంత నీళ్ళు ముట్టలేదు బావా. అయినా ఊకె గోడెనుకకు వోయినవ్, పోతె తొందరగ రాలేదు. నాకూ గట్లనే ఉండె. అడిగితె నువ్వు చెప్పవ్. గందుకే అన్నీ ఒర్రి చెప్పిన. ఇగ నువ్వు వోయి చూపిచ్చుకో. పోశికి నేను చెప్పను తియ్."

జలపతి గొట్టం వైపు వంగి చూశాడు. "నొప్పుంటదా?"

"గొట్టం తీసినంక జర మంట. గంతే."

పోశవ్వ అడుగుల చప్పుడు చేస్తూ లోపలికి వచ్చింది. జలపతి చాయ్ అందుకోలేదు. "చెల్లె, ముందుగాల చెంబెడు మంచినీళ్ళియ్యి," అన్నాడు.

సాయన్నకు గొట్టం తీసిన వార్తను జగిత్యాల ఆసుపత్రి అంతా ఆయన నోటనే విన్నది. కొన్నాళ్ళకు అదే ఆసుపత్రిలో జలపతీ చేరాడు. ఆయనకు గొట్టం తీసిన పూట ఫోన్ వస్తే, పోశవ్వ దాన్ని చెవికి మూరెడు దూరంలో పట్టుకోవలసి వచ్చింది.

"చెల్లె! మానేరు గేట్లు లేపిండ్రని బావకు చెప్పు!"

ఎదురింట్లోకీ వినబడింది. "మీ అన్నకేమైందే పోశవ్వా?" అంటూ మొగిలవ్వ గడప దాటి వచ్చింది.

"కడుపుల..." అని పోశవ్వ ఆగింది. తలెత్తింది. "ప్రోస్టేటు. లేజరుతోటి తీసిండ్రు. గిప్పుడు మంచిగున్నడు."

మొగిలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా ఇంటాయనకు గూడ..." అని ఏదో గొణిగింది.

"జర గట్టిగ చెప్పవ్వా," అంది పోశవ్వ. "సాంచాల చప్పుడుల ఇనవడుతలేదు."

ఆ పూట కరెంటు లేదు. వీధిలో ఒక్క సాంచా కూడా ఆడటం లేదు.