కమాండర్ గారి మేకు

కొత్తగా నీళ్ళలో మునగడం నేర్చుకున్నవాళ్ళు నా కొట్టుకొచ్చి చేసే మొదటి పని, గోడ మీద అన్నిటికంటే పొడుగ్గా ఉన్న, చేపల మీదికి ఈటె విసిరే స్పియర్‌గన్ వైపు వేలు చూపించడం. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగురుతానన్నట్టు. వాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పొడుగు గన్ను దూరం కొడుతుంది, నిజమే. కానీ మా రేవు నీళ్ళు మట్టి నీళ్ళు, నాలుగు బారల అవతల ఏముందో దేవుడికే తెలియాలి. కనిపించని చేపను ఎంత దూరం నుంచి కొడితే ఏం లాభం?

టైలరమ్మ కూడా ఆ గన్నే చూపించింది. ఆవిడ మీద మాత్రం నాకు ఒళ్ళు మండలేదు. భయం వేసింది.

టైలరమ్మది నా కొట్టుకు రెండు గుమ్మాల అవతలి దుకాణం. స్కూలు యూనిఫారాలు కుడుతుంది, చిరిగిన డైవింగ్ సూట్లకు మాసికలు వేస్తుంది. మందపాటి రబ్బరు గుడ్డను ఆవిడలా అతుకు తెలియకుండా కుట్టేవాళ్ళు రేవులో లేరు. మనిషి పొట్టి. పై అరలో దారం రీలు కావాలంటే స్టూలెక్కాలి. నోట్లో గుండుసూదులు పెట్టుకునే తిట్టగలదు, ఒక్కటి కూడా జారదు. మునగడం నేర్పే మాస్టారి సూట్లు కుట్టిపెట్టినందుకు ఆయన ఆవిడకు ఊరికే నేర్పాడు. నలభై దాటిన ఆడమనిషికి సిలిండరేమిటని రేవంతా నవ్వింది. ఆవిడ సూదులు బిగపట్టి నేర్చుకుంది.

ఎందుకు నేర్చుకుందో నాకు తెలుసు. కమాండర్ కోసం.

కమాండర్ ఏ సైన్యంలోనూ పనిచెయ్యలేదు. సొంత పడవ ఉంది, బంగారు అంచు టోపీ ఉంది, చేతులు మోకాళ్ళను తాకుతాయి. ఆజానుబాహుడని పిలిస్తే పొంగిపోతాడు. ఆయన పడవలోనే టైలరమ్మ తమ్ముడి మోకాలు పోయింది. తమ్ముడు ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకే డైవరు. ఆ రోజు పడవలో వాళ్ళిద్దరే ఉన్నారు. పడవలో ఉండగా గన్నుకు రబ్బరు ఎక్కించకూడదు, అంటే ఈటెను విసిరే రబ్బరును వెనక్కి లాగి కొక్కేనికి తగిలించకూడదు. నీళ్ళలో దిగాకే ఎక్కించాలి. చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం ఇది. ఎవరో ఎక్కించారు, పడవ కుదిపింది, గన్ను పేలింది, ఈటె తమ్ముడి మోకాలి చిప్పలోంచి దూసుకుపోయింది.

"నేను ఇంజను దగ్గరున్నాను. వాడే సరదాపడి నా గన్ను ఎక్కించుకున్నాడు" అన్నాడు కమాండర్.

"నేనసలు ముట్టుకోలేదు" అన్నాడు తమ్ముడు. అన్నాడు కానీ, ఆసుపత్రి మంచం మీంచి అన్నాడు. నిజం గడప దాటేలోపు అబద్ధం ఊరంతా చుట్టి వస్తుందంటారే, ఇక్కడ నిజానికి కాలు కూడా విరిగింది. తమ్ముడు మంచం దిగేసరికి రేవులో అందరికీ ఒకటే కథ. మోకాలు అతికింది. నేల మీద కుంటుతాడు, నీళ్ళలో ఆ కుంటు ఎవరికీ కనిపించదు. కానీ హార్బర్ సూపర్‌వైజర్ ఒకే మాట అన్నాడు. "కుంటివాడైతే తీసుకునేవాణ్ణే. నిర్లక్ష్యం మనిషిని తీసుకోలేను." నీళ్ళలో చేపలా తిరిగిన కుర్రాడు అక్క దుకాణంలో కూర్చుని గుండీలు కుడుతున్నాడు.

అంతటితో ఆగినా టైలరమ్మ మింగేసేదేమో. కమాండర్ ఆగలేదు. కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ జెట్టీ మీద నిలబడి జాగ్రత్తల పాఠం చెబుతాడు. ఆ పాఠంలో మోకాలి కథ ఉంటుంది. "సరదాకి ఎక్కించాడు, సరదా తీరింది" అంటాడు. పిల్లలు నవ్వుతారు. టైలరమ్మ కూడా ఆ పాఠం వినే నేర్చుకుంది. అందరిలో ముందు వరసలో కూర్చుని, సొంత తమ్ముడి మోకాలి మీద జనం నవ్వడం విన్నది.

అలాంటి మనిషి వచ్చి పెద్ద గన్ను అడిగితే భయం వెయ్యదా?

"దేనికమ్మా?" అన్నాను.

"చేపని కొట్టడానికి. మరి దేనికనుకున్నావ్? మనిషిని కొట్టేదాన్నయితే నా కత్తెర చాలు."

నాకు ఊపిరి వచ్చింది. "ఏ చేప?"

"బండ కింద ముసలి చేప. ఈసారి చేపల పోటీలో దాన్ని పట్టి చూపిస్తానని ఆయన ఊరంతా కోతలు కోస్తున్నాడుగా. ఆయనకంటే ముందు నేను కొడతా. కొట్టి తెచ్చి ఆయన గుమ్మం ముందు పడేస్తా. అప్పుడు చూడాలి ఆ మొహం!"

"సిలిండరు వీపున పెట్టుకుని కొట్టకూడదమ్మా, మా దగ్గర నియమం. ఊపిరి బిగబట్టి దిగాలి."

"పన్నెండేళ్ళుగా బిగబట్టే ఉన్నా సూదులు నోట్లో పెట్టుకుని. ఊపిరి గురించి నాకు చెప్పకు. గన్ను తియ్యి."

నేను తియ్యలేదు. బల్ల కింద నుంచి మా మామగారి చెక్క తీశాను. ఈ కొట్టు ఆయనది. కాళ్ళనొప్పులతో ఆయన ఇంటిపట్టున ఉండిపోయాక నిరుడే నా చేతికొచ్చింది. కొట్టుతోపాటు ఆయన పెట్టిన ఒక నియమం కూడా వచ్చింది. చెక్క మీద లాగి చూపించనిదే ఎవరికీ గన్ను అమ్మకూడదు.

ఆ చెక్క గన్ను పొడుగునే ఉంటుంది, పేలేది కాదు. వెనక కొసను రొమ్ముకు ఆనించుకోవాలి. ముందు వైపు వరసగా మేకులు ఉంటాయి, ఒక్కో మేకు ఒక్కో గన్ను పొడుగుకు. ఏ గన్ను కావాలో ఆ మేకుకు నేను రబ్బరు తగిలిస్తాను. కొనేవాడు చెయ్యి చాచి, ఆ రబ్బరు పట్టుకుని, రొమ్ము దగ్గరున్న కొక్కేనికి లాగి తగిలించాలి. తగిలితే ఆ గన్ను వాడిది. లేకపోతే ఎన్ని కబుర్లు చెప్పినా కాదు. గన్ను కొలత కంటితో కాదు, చేతితో తీసుకోవాలంటారు మామగారు.

"ఇదేంటి, చొక్కా కొలతలా?" అంది టైలరమ్మ.

"దాదాపు అంతే."

"చివరి మేకుకు తగిలించు."

తగిలించాను. ఆవిడ చెక్కను రొమ్ముకు ఆనించి చెయ్యి చాచింది. వేళ్ళు రబ్బరుకు జానెడు ఇవతల ఆగిపోయాయి. భుజం సాగదీసింది. కొసను పొట్టకు ఆనించి చూసింది, తర్వాత నడుముకు. ఈసారి వేలి కొసలు తగిలాయి కానీ పట్టు దొరకలేదు. మొహం కందగడ్డయింది.

"ఈ మేకు ఏ రాక్షసుడి కోసం కొట్టారు?"

"కమాండర్ గారి కోసమే. ఆయన గన్నుకే మామగారు ఈ చివరి మేకు ప్రత్యేకంగా కొట్టారట. ఇంకెవరూ దీన్ని లాగగా నేను చూడలేదు."

టైలరమ్మ చెక్కను మెల్లగా బల్ల మీద పెట్టింది. తన చెయ్యి చాచి దానివైపే చూసుకుంది. మెడలోని టేపు తీసి భుజం నుంచి మణికట్టు దాకా కొలిచింది. నాకేమీ అర్థం కాలేదు.

"ఆ రోజు పేలింది ఏ గన్ను?" అంది.

"ఆయనదే. ఈ మేకు కొలతదే."

"అన్నా, మా తమ్ముడికి చిన్నప్పట్నుంచీ చొక్కాలు కుడుతున్నది నేను. మా ఇంట్లో అందరివీ ఇవే పొట్టి చేతులు, మా నాన్న పోలిక. వాడికీ నాకూ వేలెడు తేడా కూడా లేదు." ఆవిడ టేపును బల్ల మీద కొట్టింది. "వాడు ఆ గన్ను ఎక్కించాడా? వాడికి అసలు రబ్బరే అందదు!"

ఇద్దరం పరుగున దుకాణానికి వెళ్ళాం. తమ్ముడు గుండీలు పక్కన పెట్టి చెక్కను రొమ్ముకు ఆనించుకున్నాడు. అతని వేళ్ళు కూడా అక్కడే ఆగిపోయాయి. ఆ గన్నును ముట్టుకోనివాడు కనక, తనకది అందదని ఇన్నాళ్ళూ అతనికే తెలియదు. "అక్కా!" అన్నాడు, అంతే. ఆ పక్కనే కుట్టుబల్ల మీద కమాండర్ సూటు పడుంది, మాసిక కోసం వచ్చింది. టైలరమ్మ దాని చేతుల్ని లాగి బల్ల పొడుగునా పరిచింది. బల్ల చాలలేదు.

"ఇప్పుడే సూపర్‌వైజర్ దగ్గరికి పోదాం" అన్నాను.

"పోతే కమాండర్ అడ్డంగా బుకాయిస్తాడు. రేవులో నోరున్నది ఆయనకే కదా. వద్దు. కొత్త బ్యాచ్ రానీ. నేను ఒక్క తిట్టు కూడా తిట్టను. పొగుడుతా."

కొత్త బ్యాచ్ మొదటి రోజు మాస్కులు సరిచూడడానికి నేనెలాగూ వెళతాను. ఈసారి చెక్క కూడా పట్టుకెళ్ళాను. పిల్లలు జెట్టీ మీద వరసగా కూర్చున్నారు. సూపర్‌వైజర్ కుర్చీలో ఉన్నాడు. టైలరమ్మ, తమ్ముడు వెనక తాళ్ళ గుట్ట పక్కన నిలబడ్డారు. తమ్ముణ్ణి చూసి కూడా కమాండర్ కథ మానలేదు. ఇంకా చేతులూపుతూ చెప్పాడు. "సరదాకి ఎక్కించాడు, సరదా తీరింది" అనగానే పిల్లలు నవ్వారు.

"కమాండర్ గారూ," అంది టైలరమ్మ, తేనె పూసిన గొంతుతో, "అంత పెద్ద గన్ను ఎక్కించడమంటే మాటలా? పిల్లలకి ఒకసారి తెలియాలండీ. చెక్క తెచ్చాం."

నేను రబ్బరును చివరి మేకుకు తగిలించాను. పిల్లలకు సరదా పుట్టింది. ఒక్కొక్కరూ వచ్చి లాగబోయారు. పొడుగ్గా ఉన్న కుర్రాడొకడు రబ్బరు పట్టుకున్నాడు, సగం దూరం లాగి వదిలేశాడు. మాస్టారు కూడా ప్రయత్నించి నవ్వుతూ తప్పుకున్నాడు. కమాండర్ టోపీ సర్దుకుంటూ చూస్తున్నాడు. పొగడ్త వినబడితే ఆగే మనిషి కాడు.

"తప్పుకోండర్రా" అన్నాడు. చెక్కను రొమ్ముకు ఆనించాడు, ఆ పొడుగు చెయ్యి చాచాడు, ఒక్క లాగుతో రబ్బరును కొక్కేనికి తగిలించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఈ గన్ను ఎక్కించేవాడు ఈ రేవులో నేనొక్కణ్ణే! ఇంకెవడి వల్లా కాదు!"

"ఎవరి వల్లా కాదా అండీ?"

"ఎవడి వల్లా కాదు!"

"అయితే ఆ రోజు ఎక్కించింది ఎవరండీ?"

చప్పట్లు ఆగిపోయాయి. కత్తివాటుకు నెత్తుటి చుక్క లేదు కమాండర్ మొహంలో. సూపర్‌వైజర్ లేచి, "నువ్విలా రా" అని తమ్ముణ్ణి పిలిచాడు. తమ్ముడు అందరి మధ్యలోంచి కుంటుతూ వచ్చి, నేను రబ్బరు విప్పి ఇచ్చిన చెక్కను రొమ్ముకు ఆనించుకుని చెయ్యి చాచాడు. వేళ్ళు జానెడు ఇవతల ఆగిపోయాయి. సూపర్‌వైజర్ ఆ ఖాళీని చూసి, కమాండర్ వైపు తిరిగాడు.

"అదెప్పుడో జరిగిన సంగతి కదండీ..." అని గొణిగాడు కమాండర్, తేలు కుట్టిన దొంగలా.

"ఎప్పుడో జరిగిందా?" అంది టైలరమ్మ. తేనె అంతా ఆవిరైపోయింది. "మా వాడు ఇప్పుడు మీ కళ్ళ ముందే కుంటుకుంటూ వచ్చాడు, చూళ్ళేదా?"

తమ్ముడు మళ్ళీ ఓడల పనిలో చేరాడు. కమాండర్ పాఠం ఆగిపోయింది. క్షమించమని కబురు పంపాడట. "అంత క్షమ నా చేతికి అందదని చెప్పండి" అందట టైలరమ్మ.

తర్వాత వచ్చి మొదటి మేకు గన్ను కొనుక్కుంది, అన్నిటికంటే పొట్టిది. చెక్క మీద ఒక్క లాగుతో ఎక్కించింది.

"మరి ముసలి చేప?" అన్నాను.

"దాని మీద నాకేం పగ?"

పగ తీరిందనుకుంటున్నారేమో. తీరలేదు. మాసిక వేసిన కమాండర్ సూటును ఆవిడ దుకాణం గుమ్మం ముందు వేలాడదీసింది, రెండు చేతులూ నేలకు జారేలా. రేవుకు వెళ్ళే ప్రతివాడూ ఆ చేతుల పక్కనుంచే పోవాలి, పోతూ ఒకసారి చూడాలి. తమ్ముడు రోజూ పొద్దున్నే దాన్ని పక్కకు నెట్టి పనికి వెళతాడు. ఎండకు రబ్బరు పాడవుతుంది, పంపించెయ్యమ్మా అన్నాను.

"ఆయన్నే వచ్చి తీసుకోమను" అంది గుండుసూదుల మధ్య నుంచి. "చేతులు పొట్టి చెయ్యాలా అని అందరి ముందూ అడుగుతాను."

సూటు ఇంకా అక్కడే ఉంది.