నందివర్ధనం పాలు

మా ముత్తాత సీతారామయ్య గారు మూడూళ్లకు కరణం. తాత రాఘవయ్య గారు కరణీకంతో పాటు కళ్లకు మందు వేసేవారు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవారు కాదు. ఆయన ఎదురొస్తే బళ్లు తోలేవాళ్లు దిగి నిలబడేవారు. ఆ ఇంటి నుంచి సైన్యంలో చేరింది నేనొక్కణ్ణే.

వరద సహాయానికి మా దళాన్ని గుంటూరు జిల్లాకే పంపారు. ఉదయం ఆరింటికి దిగాం. మకాం ఒక పత్తి మిల్లు. మా ఊరికి నాలుగు కిలోమీటర్లు. చుట్టూ మిరప చేలు నీళ్లలో ఉన్నాయి. రెండు పడవలు, తాళ్లు, లైఫ్ జాకెట్లు. నేను హవల్దారును. రెండో పడవ నాది.

ఆ మధ్యాహ్నం మా ఊళ్లో మస్తాన్‌బీని రేకుల కప్పు మీద నుంచి దించాం. బట్టలు కుట్టుకుని బతికే ఒంటరి మనిషి. ఒళ్లో బూడిదరంగు పిల్లి. దాని కుడి కన్ను పుసి కట్టి మూసుకుపోయింది.

మిల్లులో మా నర్సింగ్ అసిస్టెంట్ చూశాడు. కనిగిరి వాడు.

"ఇన్ఫెక్షన్ అమ్మా. ఆయింట్‌మెంట్ పెడతాను."

ఆమె నా మొహమే చూస్తోంది. "నువ్వు రాఘవయ్య గారి మనవడివి కాదూ? అదే ముక్కు. చిన్నప్పుడు నా కళ్లకు ఆయనే మందేశారు. ఈ గొట్టాలెందుకు బాబూ, నువ్వే వెయ్యి."

"సార్‌కి వైద్యం కూడా వచ్చా?" అని నర్సింగ్ అసిస్టెంట్ నవ్వాడు.

"మా ఇంటి మందు," అన్నాను.

తాత నందివర్ధనం వాడేవారని మాత్రమే నాకు తెలుసు. పువ్వు రసమో, తుంచితే కారే పాలో తెలియదు.

సాయంత్రం ఆమెను లారీలో మంగళగిరి శిబిరానికి పంపారు. పిల్లిని ఎక్కనివ్వలేదు. "ఇంట్లో నా మాట వినేది ఇదొక్కటే. జాగ్రత్త," అని నా చేతుల్లో పెట్టింది.

మిల్లు గేటు పక్కన నందివర్ధనం ఉంది. కాడ తుంచి, పాలు రెండు చుక్కలు కంట్లో వేశాను. పిల్లి అరిచి నా చెయ్యి రక్కింది.

"మండుతున్నట్టుంది సార్," అని అవతలి నుంచి నర్సింగ్ అసిస్టెంట్ అన్నాడు.

"మండితేనే పనిచేస్తున్నట్టు."

మర్నాడూ వేశాను. మూడో రోజుకు కంటి మీద తెల్లటి పొర కమ్మింది.

అతను టార్చి వేసి చూశాడు. ఏం వేశారని అడిగాడు. చెప్పాను. ఉప్పునీళ్లతో కన్ను కడిగాడు.

"ఈ కన్ను పోయిందండి. రెండోదన్నా కాపాడదాం."

అప్పటి నుంచి నేను పట్టుకుంటే అతను ఆయింట్‌మెంట్ పెట్టేవాడు. ఒకసారి వాకీటాకీ మోగింది.

"పడవ రెండు, ఎక్కడున్నారు?"

"మిల్లులో. పిల్లికి మందు పెడుతున్నాం."

"మళ్లీ చెప్పండి?"

"ఐదు నిమిషాల్లో బయల్దేరతాం."

నీళ్లు తీశాయి. మేం మకాం ఎత్తేసే రోజున మస్తాన్‌బీ వచ్చింది. పిల్లిని ఎత్తుకుని మొహం పట్టి చూసింది. నేను నోరు తెరిచాను.

"ఒక కన్నన్నా దక్కించావు. ఆ ఇంటి చెయ్యి ఊరికే పోతుందా," అంది, నలుగురూ వినేలా.

నర్సింగ్ అసిస్టెంట్ నా వైపు ఒకసారి చూసి, పెట్టె సర్దుకోవడంలో పడ్డాడు. నేను నిటారుగా నిలబడ్డాను. నోరు మూసుకున్నాను.

రిటైరై ఊళ్లో అద్దెకు ఉంటున్నాను. కళ్లకలక వచ్చిన పిల్లల్ని మస్తాన్‌బీ ఇప్పటికీ నా దగ్గరకే పంపుతుంది. మందు అయిపోయిందని చెప్పి ఆసుపత్రికి పంపేస్తాను. నేను ఆమె వాకిలి దాటేటప్పుడు పిల్లి నన్ను చూడటానికి తల మొత్తం ఇటు తిప్పుతుంది. రాత్రి నేను కళ్లు మూసుకున్నా ఆ తల తిరుగుతూనే ఉంటుంది.

తాత కట్టించిన ఇల్లు కిందటి వేసవిలో అమ్మేశాం. టేకు తలుపులను మాత్రం వేటపాలెం జీడిపప్పు వ్యాపారి విడిగా కొనుక్కున్నాడు.