ముత్యం వేసిన ఇంటర్వెల్

బహ్రెయిన్‌లో, అద్లియా పేటలోని ఒక క్లబ్బు హాల్లో కుర్చీలు వెయ్యడం, తియ్యడం, నేల ఊడవడం ముత్యం పని. జగిత్యాల పక్క ఊళ్లలో టూరింగ్ టాకీసు ఆపరేటరుగా చేసినవాడు. డేరా ఎత్తేశాక దుబాయి పోతున్నానని చెప్పి ఇక్కడ దిగాడు. మళ్లీ బొమ్మ వెయ్యాలన్నది ఒక్కటే అతని కోరిక.

ఆ శుక్రవారం సాయంత్రం హాల్లో పాలస్తీనా సంఘీభావ ప్రదర్శన. యాభై ఏళ్ల కిందట శరణార్థి శిబిరాల్లో పోరాడేవాళ్లే కెమెరా పట్టి తీసిన గంట డాక్యుమెంటరీ. ఏర్పాట్లు చూసేది హైదరాబాదు నుంచి వచ్చిన టీచరు సాలెహా. సినిమా వెయ్యాల్సిన మనిషి రాలేదు.

"నేనేస్త మేడం."

"ఇది రీలు కాదు ముత్యం భాయ్, ల్యాప్‌టాప్."

"ఏదైతేంది? చూసెటోళ్లు మనుషులే గద."

"మంచిగ నడిస్తే ఇగ నెలనెలా నువ్వే. ఏమన్న అయిందనుకో, మళ్ల చీపురే."

ముత్యం పోయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు.

సగం సినిమా బాగానే నడిచింది. తెర మీద ఒక ముసలామె రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ ఆగి, కెమెరా వైపు వేలు చూపించి అరబ్బీలో గట్టిగా ఏదో అడిగింది. ముత్యానికి ఆ భాష అంతగా రాదు. కానీ అరగంట అయింది, వేలు లేచింది, గొంతు లేచింది. సినిమా ఆపేశాడు. లైట్లన్నీ వేశాడు. సమోసాల ట్రే తెచ్చి మొదటి వరుసలో తిప్పడం మొదలుపెట్టాడు.

తెర మీది ముసలామె అడిగింది ఇదీ: "కూర్చుని చూస్తున్నారు సరే, మీరేం చేస్తున్నారు?"

నలభై మంది ఆ వెలుతురులో ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకాయన సమోసా కొరికి, నమలాలో వద్దో తెలియక ఆగిపోయాడు.

సాలెహా పరుగున వచ్చింది. "ఏం చేసినవ్?"

"ఇంటర్వెల్ మేడం."

"డాక్యుమెంటరీకి ఇంటర్వెల్ ఏంది?"

"లేకుంటే జనం ఎప్పుడు లేస్తరు?"

"చీపురు ఎక్కడుంది?"

ముత్యం తలుపు మూల చూపించాడు.

అంతలో అబూ నాదిర్ లేచాడు. ఇక్కడే అరాద్‌లో ఉండే పాలస్తీనా ఇంజినీరు, డెబ్బై దాటాయి. "మా శిబిరంలో ఈ సినిమాలు ఇలాగే వేసేవాళ్లు," అన్నాడు ఇంగ్లీషులో. "మధ్యలో ఆపి మాట్లాడుకోమనేవాళ్లు. ఆవిడకు జవాబు నేను ముందు చెబుతాను."

చెప్పాడు. తరవాత ఒక నర్సు మందుల పెట్టెలు పంపే సంగతి ఎత్తింది. పేర్లు రాసుకున్నారు. సమోసా ఆయన నమలడం ముగించి తన పేరూ రాయించాడు. హాలు సమయం అయిపోయింది, రెండో సగం మిగిలిపోయింది.

అందరూ వెళ్లాక ముత్యం కుర్చీలు మడుస్తూ తల ఎత్తలేదు. "సగం బొమ్మకే జనాన్ని పంపితే మా దిక్కు డేరా పీకుతరు మేడం."

"వచ్చే నెల రెండో సగం. నువ్వే వెయ్యాల్నట, అబూ నాదిర్ మాట తీసుకున్నడు."

ముత్యం చీపురు అందుకుని రెండు వరుసలు ఊడ్చాడు. ఆగాడు.

"అరగంటే గద మిగిలింది. ఇంటర్వెల్ యాడెయ్యాలె?"

సాలెహా కోప్పడబోయి, ల్యాప్‌టాప్ మళ్లీ తెరిచింది. "కూసో. చూసి చెప్త."