అక్క వయసు

గుడివాడలో ఆడిన మొదటి బాక్సింగ్ పోటీలోనే లక్ష్మీదుర్గ ముక్కు పగిలింది. కొట్టినామె డిగ్రీ చదువుతోంది, లక్ష్మీదుర్గ తొమ్మిదో తరగతి. బరువులో ఇద్దరూ ఒకటే, కాగితాల్లో ఇద్దరూ సీనియర్లే. మంగినపూడి దగ్గర పల్లెలో చేపలు ఎండబెట్టుకునే రాఘవమ్మ కూతురికి అప్పటికి అసలు వయసు పద్నాలుగు. కాగితం మీద పదిహేడు. ఆ ఎక్కువ వచ్చిన మూడేళ్లూ వాళ్లక్కవి.

అక్కని ఈమె చూడలేదు. తొంభైలో వచ్చిన తుపాను ఇల్లు ఊడ్చుకుపోయింది. ఆ వెనకే వచ్చిన జ్వరం శ్రావణానికి రెండేళ్లు నిండాల్సిన పిల్లని తీసుకుపోయింది. ఏడాది తిరక్కముందే మళ్లీ ఆడపిల్ల పుడితే, పోయినదాన్ని దుర్గమ్మే తిరిగిచ్చిందని అక్క పేరే పెట్టుకున్నారు. రేషన్ కార్డులో పేరు ఎలాగూ ఉంది కాబట్టి ఇంకోటి రాయించే పని లేకపోయింది. బడిలో చేర్చినప్పుడు హెడ్మాస్టరు ఆ కార్డు చూసే వయసు వేశాడు. "తొమ్మిదేళ్ల పిల్ల ఇంతేనా అమ్మా?" అని నవ్వాడు కూడా. నవ్వి, రాసేశాడు. ఒకసారి రాశాక ఇంకేముంది, అదే వయసు.

ముక్కుకి దూది పెడుతూ కోచ్ నాగేశ్వరరావు తల పట్టుకున్నాడు. "జూనియర్స్‌లో దిగితే ఈ జిల్లాలో నిన్ను ఆపేవాళ్లు లేరమ్మా. స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తుంది. కానీ పదహారు నిండేలోపే. మీ అక్క పోయినట్టు అమ్మగారి చేత మండలాఫీసులో రాయించు, నీ వయసు నీకొస్తుంది."

ఒక్క వేలిముద్ర, అంతే కదా అనుకుంది లక్ష్మీదుర్గ. ఆ ఒక్కటీ ఏడాదైనా పడలేదు. "మీ నాన్న వేటకెళ్లాడు, రానీ" అనేది రాఘవమ్మ. నాన్న పోతయ్య వచ్చాక, "ఇన్నేళ్లు దాని బియ్యం తిన్నామని కేసు పెడతారే" అనేది. ఈలోగా సీనియర్ల చేతిలో మరో రెండుసార్లు తన్నులు తింది. సీటు రాకపోతే పదో తరగతి అవగానే అమ్మ పక్కన ఇసుకలో కూర్చుని చేపలు తిరగేయాల్సిందే. ఆ వాసనంటే ఆమెకి అసహ్యం. అలా అనిపించినందుకు తనంటే ఇంకా అసహ్యం.

హాస్టల్ దరఖాస్తులకి రెండు రోజులుందనగా తల్లిని ఆటో ఎక్కించి బందరు మండలాఫీసుకి తీసుకెళ్లింది. గుమాస్తా పిచ్చేశ్వరరావు మంచివాడే. కసురుకోకుండా కాగితమంతా తనే రాసి, సిరా పెట్టె ముందుకు జరిపాడు. "ఇక్కడ వేయండమ్మా."

రాఘవమ్మ వేలికి సిరా అద్దుకుంది. "ఇది వేస్తే మరి పెద్దదాన్ని ఏం చేస్తారు బాబూ?"

"ఆ పేరు కొట్టేసి చిన్నమ్మాయిని ఎక్కిస్తామండీ. పోయిన మనిషి కదా."

రాఘవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "దానికి ఫోటో లేదు బాబూ. పూడ్చిన దిబ్బని కూడా సముద్రం కోసేసుకుంది. నా బిడ్డ ఇంకెక్కడా లేదు. ఈ కార్డులోనే ఉంది."

ఏడాదిపాటు పిరికితనం అనుకున్నది ఇదా! ఆ వేలు పట్టి కాగితానికి అద్దడం లక్ష్మీదుర్గకి ఒక లెక్క కాదు. చెయ్యి చాపింది కూడా. చాపి, తన చున్నీతో తల్లి వేలి సిరా తుడిచింది. "పద అమ్మా" అంది. ఆటోలో దారంతా ఏడ్చింది. అమ్మ మీద కోపం, బియ్యపు కార్డులో కూర్చుని కదలని అక్క మీద అంతకు మించి కోపం. ఎవరినీ కొట్టడానికి లేదు.

వినాయక చవితి వెళ్లిన వారానికి గుడివాడలో మళ్లీ సీనియర్ల పోటీ. అడక్కుండానే రాఘవమ్మ ఉతికిన చీర కట్టుకుని వెంట వచ్చి, రింగు పక్కన కుర్చీలో కూర్చుంది. పక్కనున్నావిడ పలకరించింది. "మీ అమ్మాయాండీ? మరీ పసిదానిలా ఉందే! ఎన్నేళ్లు?"

"మొన్న శ్రావణానికి పద్దెనిమిది నిండాయమ్మా" అంది రాఘవమ్మ, మొహమంతా నవ్వుతో.

తాడుకి ఇవతల లక్ష్మీదుర్గ ఆ మాట విన్నది. తను పుట్టింది మాఘంలో. పళ్ల మధ్య గమ్‌షీల్డ్ బిగించి ఉంది, నోరు తెరవడానికి లేదు. గంట కొట్టారు.