లావా అరుగు కింద సొరచేప

ఎడ్మంటన్‌లో కిటికీల అవతల మంచు కురుస్తుంటే, మా ఆయనా నేనూ వీపున సిలిండర్లు తగిలించుకుని ఈతకొలను అడుగున ఊపిరి పీల్చడం నేర్చుకున్నాం. అప్పటికి ఇద్దరం రిటైరయ్యాం. పగడపు దిబ్బల్లో తిరిగే సొరచేపని కళ్లారా చూడాలన్న పిచ్చి నాది. ఆయనకి నీళ్లంటే హడల్. అయినా, "నువ్వొక్కదానివే మునిగితే ఒడ్డున నాకు ఊపిరాడదు. నా పేరు కూడా రిజిస్టర్ చేశా" అన్నారు.

హవాయిలో అగ్నిపర్వతం పుట్టించిన దీవికి వెళ్లాం. నీటి అడుగున అంతా గడ్డకట్టిన లావా. రెక్కల చివర తెల్లగా ఉండే సొరలు పగలంతా రాతి అరుగుల కింద కదలకుండా పడుకుంటాయని, చీకటి పడ్డాకే వేటకి బయల్దేరతాయని మా గైడ్ చెప్పింది. డైవ్ చేసినప్పుడల్లా కనిపించిన ప్రతి అరుగు కిందా వంగి చూశాను. తాబేళ్లు కనిపించాయి గానీ, సొర జాడే లేదు. చివరి రోజు, చివరి డైవ్‌కి ముందు నా మొహం మాడిపోయి ఉంది. "కనిపిస్తుందిలే, నేనున్నాగా" అన్నారాయన, అదేదో తన మేనత్త కొడుకైనట్టు.

ఆరోజూ అంతే. ఇక వెనక్కి వెళ్దామని గైడ్ సైగ చేసింది. తిరగబోతుంటే ఆయన కాలికి తొడుక్కున్న రబ్బరు ఫిన్ నా భుజానికి తగిలింది. మహానుభావుడు, ఇంట్లో కాలు తగిలితే ఏం చేస్తారో అక్కడా అదే చేశారు. వెనక్కి మళ్లి, నా భుజం తాకి, ఆ చెయ్యి కళ్లకద్దుకోబోయి మాస్క్‌కి అద్దుకున్నారు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది. చూపు నా వెనక ఉంది.

తిరిగి చూశాను. మేం దాటి వచ్చేసిన అరుగు కిందే పడుకుని ఉంది. బూడిదరంగు ఒళ్లు, వీపు రెక్క చివర సున్నం అంటినట్టు తెలుపు. మొప్పలు మెల్లగా ఆడుతున్నాయి. తీరిగ్గా లేచి, మా చుట్టూ ఒకసారి తిరిగి, మళ్లీ వెళ్లి అక్కడే పడుకుంది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. భయంతో పట్టుకున్నారో, సంతోషంతోనో నేను అడగలేదు.

పడవెక్కాక, "నేను తన్నకపోతే చూసేదానివా?" అన్నారు.

"తన్నింది చాలక పైగా గొప్పలా?" అన్నాను.

ఇప్పుడాయన లేరు. నేను డైవింగ్ మానేశాను, అదే కొలనులో ఊరికే ఈదుతుంటాను. మొన్న పక్కనున్న అమ్మాయికి నా కాలు తగిలింది. భుజం తాకి, ఆ చెయ్యి నా ఈత కళ్లద్దాలకి అద్దుకున్నాను. ఆయన మీద బెంగ ఒక్కసారిగా ముంచుకొచ్చింది. "ఇట్స్ ఓకే" అని నవ్వుతూ ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

నేను మాత్రం వెనక్కి తిరిగి చూశాను.